పదో వంతు ఆహారమే కలుషితమని ఎలా అనుకుంటారు?

అణుధూళి (అణు పేలుడు లేదా ప్రమాదం తర్వాత రాలే రేడియోధార్మిక ధూళి) తిండిలో కలిస్తే వచ్చే ముప్పు గురించి చదువుతూ ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఆ ధూళిలో ఉండే సీజియం-137కు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితి కిలోకు 1000 బెక్వెరెల్‌లు (రేడియోధార్మికతకు కొలమానం). జపాన్‌లో 2012 ఏప్రిల్ నుంచి మామూలు ఆహారానికి 100, పాలకు 50. కోడెక్స్, జపాన్ రెండూ ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకు కొలమానం) అనే లక్ష్యంతోనే పెట్టాయి! ఇంత తేడా ఎందుకా అని కాగితం మీద లెక్క వేశాను. పెద్దవారు ఏడాదికి 550 కిలోలు తింటారు, అందులో పదో వంతే కలుషితం అని కోడెక్స్ అంచనా. బెక్వెరెల్‌కు 0.013 మైక్రోసీవర్ట్ చొప్పున వేస్తే మోతాదు సుమారు 0.7 మిల్లీసీవర్ట్ వస్తుంది. మరి సొంత పొలంలో పండినదే తినే కుటుంబం సంగతి? తిన్నదంతా కలుషితమైతే అదే లెక్క 7 దాటుతుంది. జపాన్ సగం కలుషితమని అనుకుంది, అది నాకు న్యాయంగా తోస్తోంది.

పిల్లల విషయమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. గడ్డి మీద పడిన అయోడిన్-131 ఆవు పాలలోకి, ఆ పాల నుంచి పసిబిడ్డ థైరాయిడ్‌లోకి చేరుతుంది. ఒకే మోతాదు బెక్వెరెల్‌లు లోపలికి పోయినా పెద్దవారికంటే శిశువుకు దాదాపు 8 రెట్ల హాని. అయోడిన్ అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 8 రోజులే కాబట్టి వెంటనే పాలు ఆపడమే మేలని నా అభిప్రాయం. ఎముకల్లో చేరే స్ట్రాన్షియం-90 అలా వదలదు.

స్ట్రాన్షియం, సీజియం రెండూ ఒకే ఆహారంలో ఉంటే పరిమితులను ఎలా కలిపి చూడాలి? సొంత పంటే తినేవారికి వేరే పరిమితి ఎక్కడైనా ఉందా?