‘ఎంట్రాప్‌మెంట్’కి ‘వల’ సరిపోతుందా?

ప్రశ్న: అమెరికా మద్యనిషేధ కాలపు కుట్ర కేసుల మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఎంట్రాప్‌మెంట్ డిఫెన్స్’ని, అంటే తనచేత నేరం చేయించింది అధికారులేనని ముద్దాయి చెప్పుకునే వాదనని, ‘వల పన్నారన్న వాదన’ అనొచ్చాండీ?

జవాబు: వద్దండీ. ‘ఏసీబీ వలలో ఫలానా అధికారి’ అని పేపర్లో చదువుతూనే ఉంటాం. అక్కడ లంచం అడిగింది ఆయనే, వీళ్ళు కాచుకుని పట్టుకున్నారు. ముద్దాయి లేచి ‘నాకు వల పన్నారు’ అంటే ‘అయితే ఏంటట?’ అంటాం.

సోరెల్స్ కేసు చూడండి. 1930 జూలై, నార్త్ కరోలినా. నిషేధ శాఖ ఏజెంటు ఒకడు యాత్రికుడి వేషంలో, తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని సోరెల్స్ ఇంటికెళ్ళాడు. మందు అడిగితే ‘లేదు’ అన్నాడు సోరెల్స్. మాటల్లో ఇద్దరూ మొదటి ప్రపంచయుద్ధంలో ఒకే డివిజన్‌లో పనిచేశారని తేలింది. పాత కబుర్లు నడుస్తుండగా మళ్ళీ అడిగాడు, ఇంకోసారీ అడిగాడు. చివరికి సోరెల్స్ బయటికెళ్ళి అరగ్యాలన్ విస్కీ తెచ్చి 5 డాలర్లకిచ్చాడు. వెంటనే కేసు!

1932లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. నేరం చేయాలన్న ఆలోచన అధికారులదే అయి, దాన్ని అమాయకుడి మనసులో నాటి, అతనిచేత చేయించి, ఆపైన కేసు పెట్టడం చట్టం ఉద్దేశం కాదన్నారు ప్రధాన న్యాయమూర్తి హ్యూస్. అతను ముందునుంచే ఆ దారిలో ఉన్నవాడా అన్నది జ్యూరీ తేల్చాలన్నారు. అందుకని నా ఓటు ‘పురికొల్పి పట్టుకున్నారన్న వాదన’కి.

మరొకరు: అంత పొడుగెందుకు? ‘ఇరికించారు’ చాలదూ?

జవాబు: ‘ఇరికించారు’ అంటే చెయ్యని నేరం నెత్తిన రుద్దారని అర్థమొస్తుంది. సోరెల్స్ అమ్మిన మాట నిజమే కదా!

ఇంకొకరు: ‘పిల్లాణ్ణి గిల్లి ఊయల ఊపినట్టు’ అని మా అమ్మమ్మ అనేది. గిల్లింది వాళ్ళే!

జవాబు: భేష్, వ్యాసంలో ఎక్కడైనా వాడుకోవచ్చు. కానీ ఇక్కడ ఊపలేదు, జైలుకి పంపబోయారు.

ప్రశ్నించినవారు: మరి కుట్ర సంగతి? సోరెల్స్ మీద పెట్టింది మందు ఉంచుకోవడం, అమ్మడమే కదా?

జవాబు: అవును, పురికొల్పిన సంగతినీ కుట్ర సంగతినీ కలపకండి. కుట్రకి కనీసం ఇద్దరు నిజంగా ఒప్పుకోవాలి. ఏజెంటు ఒప్పుకున్నట్టు నటిస్తాడంతే, లెక్కలోకి రాడు. నిషేధం పోయాక చాన్నాళ్ళకి, 1965లో, సియర్స్ అనే దొంగసారా కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ మాటే చెప్పింది: ప్రభుత్వ ఇన్‌ఫార్మర్‌తో కుట్ర కుదరదు. కాబట్టి ‘నన్ను పురికొల్పారు’ ఒక వాదన, ‘అసలు కుట్రే లేదు’ ఇంకో వాదన. వ్యాసంలో వేర్వేరు పేరాలు పెట్టండి.