బరువు సరిపోయినా ఫ్యాటీ లివర్ ఎందుకు? నడుం కొలత చూసుకున్నవాళ్లు చెప్పండి

కంటోన్మెంట్‌వాసి, విజయనగరం
ఆఫీసు హెల్త్ చెకప్‌లో కడుపు స్కానింగ్ తీసి గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు, మొదటి స్థాయి) అని రాశారు. వయసు 44, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. మందు అలవాటు లేదు. చూసినవాళ్లెవరూ నన్ను లావుగా ఉన్నానని అనరు. డాక్టర్ గారు బరువు సంగతి వదిలేసి టేపు తీసి పొట్ట చుట్టూ కొలిచారు. 94 సెంటీమీటర్లు వచ్చింది. "ఇదీ కారణం" అన్నారు. నేను వేసుకునేది 34 ప్యాంటే, మరి 94 అంటే 37 అంగుళాలు కదా? ఈ కొలతని ఎంతవరకు నమ్మొచ్చు? టెన్షన్‌గా ఉంది, ఇలాంటిది ఎదురైనవాళ్లు రాయండి.

రాజాం టైలర్
ప్యాంటు సైజు చూసి పొట్ట లెక్క వేయకండి బాబూ. పొట్ట పెరిగేకొద్దీ మనిషి ప్యాంటుని కిందికి దించి కట్టుకుంటాడు. అందుకే పదేళ్లయినా సైజు 34 దగ్గరే ఉంటుంది. పైగా రెడీమేడ్ ప్యాంటు మీద 34 అని ఉన్నా లోపల టేపు పెడితే చాలాసార్లు అంతకన్నా ఎక్కువే వస్తుంది. మేం చొక్కాకి ఛాతీ, పొట్ట, సీటు విడివిడిగా రాసుకుంటాం. పాత ఖాతాదారుల పుస్తకం తిరగేస్తే ఛాతీ అంతే ఉండి పొట్ట గడి మాత్రం ఏటేటా పెరిగినవాళ్లు కనిపిస్తారు. కాలర్ కూడా పెరుగుతుంది. పొట్టా కాలరూ రెండూ పెరిగినవాళ్లలో చాలామంది తర్వాత షుగర్ మాత్రలు వేసుకోవడం చూశాను. నేను డాక్టర్ని కాదు, కళ్లతో చూసింది చెప్తున్నాను.

నర్సమ్మ, నరసన్నపేట
టైలర్ గారు కాలర్ మాట ఎత్తడం బాగుంది. మెడ చుట్టుకొలత పెరగడానికీ ఫ్యాటీ లివర్‌కీ సంబంధం ఉందని పరిశోధనల్లో కూడా తేలింది. అయినా ముందు చూడాల్సింది నడుమే. దాన్నే చాలామంది తప్పుగా కొలుస్తారు, అందుకని వివరంగా రాస్తున్నాను.

పాదాలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడాలి. పక్కటెముకల్లో అన్నిటికన్నా కింది ఎముకని, తుంటి ఎముక పై అంచుని వేలితో తడిమి పట్టుకోవాలి. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. చీర కట్టుకున్నవాళ్లు లంగా బొందు కిందికి జరపాలి, లేదంటే బొందు నొక్కిన చోటే కొలత పడుతుంది. ఊపిరి మామూలుగా వదిలాక చదవాలి, పొట్ట లోపలికి లాగకూడదు. టేపు ఒంటికి ఆనాలి గానీ బిగుసుకోకూడదు.

మన దక్షిణాసియా వాళ్లకి మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు హద్దు. ముప్పై దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలో ఈ కొలతకి మార్కులుంటాయి. మగవాళ్లకి 91 నుంచి 100 వరకు ఒకటి, 100 దాటితే రెండు. ఆడవాళ్లకి 81 నుంచి 90 వరకు ఒకటి, ఆపైన రెండు. "టేపు ఎందుకమ్మా, బీపీ చూసి వెళ్లిపో" అంటారు చాలా ఇళ్లలో. దయచేసి కొలవనివ్వండి. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్‌ని కూడా షుగర్, బీపీలని చూసే జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

బోటనీ మాస్టారు, శ్రీకాకుళం
మొదట అడిగిన బాబుకి: మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 23.4 వస్తుంది. ప్రపంచ లెక్కలో 25 వరకు మామూలే. మన భారతీయులకి 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే బీఎంఐ ప్రకారం కూడా మీరు గీత దాటారు, కాకపోతే కొంచెమే. బీఎంఐతో చిక్కేమిటంటే కొవ్వు ఎంతుందో, ఎక్కడుందో అది చెప్పదు. కండ తక్కువై పొట్ట ఎక్కువైన మనిషికీ, కండ బాగా ఉన్న మనిషికీ ఒకే అంకె రావచ్చు.

చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు కొంతవరకు నిరపాయంగా పడి ఉంటుంది. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు అలా కాదు. అక్కడి రక్తం చాలావరకు పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే వెళ్తుంది. దాంతోపాటు కొవ్వు ఆమ్లాలూ అక్కడికే చేరతాయి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు ఒంట్లో కొవ్వు ఇంకా కరిగి రక్తంలోకి వస్తుంది. మరోవైపు కాలేయం తినే చక్కెర నుంచి సొంతంగా కొవ్వు తయారు చేస్తుంది. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. గ్రేడ్ 1 అని స్కాన్‌లో కనపడిందంటే సాధారణంగా అంతకన్నా ఎక్కువే చేరి ఉంటుంది, ఎందుకంటే తక్కువ కొవ్వుని మామూలు అల్ట్రాసౌండ్ సరిగ్గా పట్టలేదు.

2023లో ఈ జబ్బుకి వైద్యసంఘాలు పేరు మార్చాయి. కొత్త నిర్వచనంలో బీఎంఐతోపాటు నడుం చుట్టుకొలత, రక్తంలో చక్కెర, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), మంచి కొలెస్టరాల్ కూడా చేరాయి.

ఇంట్లో టేపు లేకపోతే దారం చాలు. మీ ఎత్తంత దారం కత్తిరించి, సగానికి మడిచి నడుముకి చుట్టండి. అందితే సరే, అందకపోతే పరీక్ష చేయించుకోవాలి. మీ ఎత్తులో సగం 84, మీ నడుం 94.

బొబ్బిలి అప్ప
నాదీ ఇదే కథ. ఎత్తు 150, బరువు 52, నడుం 86. నెలసరి ఆగిపోయాక చేతులూ కాళ్లూ సన్నబడ్డాయి, పొట్ట మాత్రం వచ్చింది. చుట్టాలంతా "తగ్గావే" అనేవాళ్లు. మోకాళ్ల నొప్పికని వెళ్తే డాక్టరమ్మ నడుం చూసి స్కానింగ్‌కి పంపారు. గ్రేడ్ 2.

రెండు పూటలా కంచం నిండా అన్నం, పైన పెరుగన్నం, నాలుగుసార్లు పంచదార టీ. ఆవిడ ముందు పట్టుకుంది టీనే. పంచదార మానేశాను. రాత్రి అన్నం తీసేసి చోడి (రాగి) అంబలి, పప్పు, కూర పెట్టుకున్నాను. అంబలి కూడా గ్లాసుల కొద్దీ తాగితే లాభం లేదని ఆవిడే చెప్పారు. పొద్దున్న నడకతోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం నేర్పారు, కాళ్లలో కండ నిలవడానికట. ఇప్పుడు బరువు 48, నడుం 80. మళ్లీ తీసిన స్కాన్‌లో గ్రేడ్ 1 అని వచ్చింది. బరువులో తేడా నాలుగు కిలోలే. రోజూ మిషన్ ఎక్కి చూసుకుంటే నిరుత్సాహం వచ్చేది. టేపు దిగడం చూసి ధైర్యం వచ్చింది.

బోటనీ మాస్టారు, శ్రీకాకుళం
అప్పా, మీది చిన్న విషయం కాదు. ఉన్న బరువులో 5 శాతం తగ్గితేనే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుందంటారు. మీరు 7 దాటారు.

పైడితల్లి జాతర
నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మా బావ నడుం 104, స్కాన్‌లో లివర్ శుభ్రంగా ఉంది. మా చెల్లి నడుం 76, తనకి గ్రేడ్ 2. మరి ఈ టేపు ఏం చెప్పినట్టు?

నర్సమ్మ, నరసన్నపేట
టేపు జబ్బుని తేల్చదండీ. ఎవరిని ముందు పరీక్షకి పంపాలో చెబుతుంది. ఆకాశంలో మబ్బు పట్టిందంటే వాన పడే తీరాలని లేదు, అయినా ఆరబోసిన ధాన్యం ఎత్తుకుంటాం కదా. మీ బావగారు షుగర్, కొలెస్టరాల్ చూపించుకుంటూ ఉండాలి. సన్నగా ఉన్నవాళ్లలో ఫ్యాటీ లివర్ మన దేశంలో అరుదేం కాదు. మీ చెల్లెలికి షుగర్, థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నాయేమో, వాడే మందులేమిటో చూడమని డాక్టర్‌ని అడగండి.

ఉద్దానం కొబ్బరితోట
మా వైపు వాళ్లకి ఒక మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఒంట్లో నీరు చేరితే పొట్ట కొలత పెరుగుతుంది, అది కొవ్వు కాదు. లివర్ బాగా ముదిరి కడుపులో నీరు పట్టినా అంతే. కాళ్ల వాపు ఉన్నా, పొట్ట రోజుల్లోనే పెరిగినా టేపు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులకి కూడా ఈ హద్దులు వర్తించవు. లివర్‌కని సొంతంగా నాటు మందులూ తాగకండి. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు.

చీపురుపల్లి తండ్రి
మా బాబుకి పన్నెండేళ్లు, పొట్ట వచ్చింది. పిల్లలకి హద్దు ఎంత?

నర్సమ్మ, నరసన్నపేట
90, 80 పెద్దవాళ్లకి మాత్రమే. పిల్లలకి మాస్టారు చెప్పిన దారం లెక్క చూడండి, ఎత్తులో సగం దాటకూడదు. దాటితే పిల్లల డాక్టర్‌కి చూపించండి. కూల్‌డ్రింకులు ఈరోజే ఆపేయండి.

కంటోన్మెంట్‌వాసి, విజయనగరం
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా భయం లివర్ గట్టిపడిందేమో అని. దానికీ ఏమైనా కొలత ఉందా?

బోటనీ మాస్టారు, శ్రీకాకుళం
దానికి నడుం కొలత చాలదు. ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది, మామూలు రక్తపరీక్షలతో వస్తుంది. ఏఎస్టీ, ఏఎల్టీ అంటే రక్తపరీక్షలో చూసే కాలేయ ఎంజైములు. వయసుని ఏఎస్టీతో హెచ్చవేయాలి. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని ఏఎల్టీ వర్గమూలంతో హెచ్చవేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 1.3 కన్నా తక్కువైతే గట్టిపడే ముప్పు తక్కువ. 2.67 దాటితే స్పెషలిస్టుని కలవాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్, అడుగుతారు. 65 దాటినవాళ్లకి కింది హద్దు 2గా చూస్తారు, 35 లోపు వాళ్లకి ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు. ఏఎల్టీ మామూలుగా ఉందని ఫ్యాటీ లివర్ లేదనుకోకండి, చాలామందికి అది మామూలుగానే వస్తుంది.

కంటోన్మెంట్‌వాసి, విజయనగరం
నా రిపోర్టులో ఏఎస్టీ 38, ఏఎల్టీ 52, ప్లేట్‌లెట్లు 2 లక్షల 20 వేలు. లెక్క వేస్తే 1.05 వచ్చింది, డాక్టర్ గారికీ చూపించాను, అవునన్నారు. నా లక్ష్యం ముందు 90 లోపు, తర్వాత 84. మా నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగర్ ఉంది, మనిషి సన్నగానే ఉంటారు. ఆయనకీ కొలవనా?

నర్సమ్మ, నరసన్నపేట
కొలవండి, కానీ కొలత తక్కువ వచ్చిందని ఆగిపోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి నడుం ఎంత ఉన్నా లివర్ పరీక్ష చేయించాలి. ఈసారి షుగర్ రక్తపరీక్షకి వెళ్లినప్పుడు ఏఎస్టీ, ఏఎల్టీ, ప్లేట్‌లెట్లు కూడా రాయించండి. ఆయన వయసు ఎంతో చెప్పండి, 65 దాటితే హద్దు మారుతుంది.