డిసెంబార్క్‌లో ఉన్న ‘బార్క్’ ఓడా, పడవా?

పదాలరేవు: ఓడ దిగడాన్ని డిసెంబార్క్ అంటాం కదా. అందులోని ‘బార్క్’ చెట్టు బెరడేననీ, బెరడు పడవల వల్లే ఆ మాట పుట్టిందనీ ఒక వాదన తిరుగుతోంది. ఎంతవరకు నిజం?

నిఘంటుప్రియ: బెరడు మాట వదిలేయండి. అది పాత నార్స్ (స్కాండినేవియా ప్రాచీన భాష) నుంచి వచ్చిన వేరే పదం. మనది ఫ్రెంచి దారి. బార్క్ అంటే నౌక. ఎక్కితే ఆంబార్కే, దిగితే దెజాంబార్కే. 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. వెనక ఉన్నది లాటిన్ ‘బార్కా’. కాబట్టి ఓడే.

తాడునిచ్చెన: ఆ ‘కాబట్టి’ దగ్గరే పేచీ. బార్కా అంటే ఓడలోని సరుకంతా ఒడ్డుకు చేర్చేదని 7వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ బిషప్ ఇసిడోర్ రాశాడు. లోతు చాలక పెద్ద ఓడ దూరంగా లంగరేస్తే, దానికీ తీరానికీ మధ్య తిరిగే పడవన్నమాట. ఒడ్డున కాలు పెట్టేవాడు దిగేది దాన్నుంచే.

నిఘంటుప్రియ: ఇసిడోర్ చెప్పిన వ్యుత్పత్తులు సగం ఊహలే!

తాడునిచ్చెన: వ్యుత్పత్తికి కాదు, వాడుకకు సాక్ష్యంగా తెచ్చాను.

నిఘంటుప్రియ: సరే, ఆ వాడుక ఒప్పుకుంటాను. కానీ ఫ్రెంచి క్రియ పుట్టేనాటికి వందల ఏళ్లు గడిచాయి, తెరచాప ఓడలనూ బార్క్ అనేవారు.

పాతపటం: ఇంకా వెనక్కి వెళ్తే ఈజిప్టు పడవకు గ్రీకులు వాడిన పేరు ‘బారిస్’. రెండు మూరల తుమ్మ పలకలను ఇటుకల్లా పేర్చి, సందులను లోపలి నుంచి పపైరస్‌తో బిగించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వర్ణించాడు. అయితే బారిస్‌నూ బార్కానూ కలిపే ‘బారికా’ ఏ రాతలోనూ దొరకలేదు, పండితులు ఊహించిన రూపం. అందుకే ‘బహుశా’ అనక తప్పదు.

డెక్‌బోసన్: వాడుక సంగతి నేను చెబుతాను. రేవులో ప్రయాణికులు దిగితే డిసెంబార్క్. కాంట్రాక్టు ముగిసిన సిబ్బంది దిగితే సైన్ ఆఫ్. మునిగే ఓడను వదిలితే అబాండన్ షిప్, ఆ ఆజ్ఞ కెప్టెన్‌దే. తమాషా ఏమిటంటే, అప్పుడు లైఫ్‌బోట్ దగ్గర వేలాడే నిచ్చెన పేరు ఎంబార్కేషన్ లాడర్! సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) లెక్కలో అది ఓడను వదలడం కాదు, పడవ ఎక్కడం. ఓడ ఖాళీగా తేలుతూ, ముందువెనకలకు 10 డిగ్రీలు, పక్కకు 20 డిగ్రీలు వాలినా నిచ్చెన నీటిని అందుకోవాలి. నిండు సరుకుతో ఉన్నప్పుడు కొలిచి కట్టారో, ఖాళీ ఓడలో చివరి మెట్టు గాల్లో ఊగుతుంది. ఈ ఒక్కచోట తాడునిచ్చెన గారి పడవకే నా ఓటు.