ఐదేళ్ళ తర్వాత మళ్ళీ ఉద్యోగం, ఇంటి రిపేర్లు సగంలో ఉన్నాయి. ఏది ముందు?

సింగ్‌నగర్ నాన్న

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. బీకాం చదివి చాలాకాలం అకౌంట్స్‌లో పనిచేశాను. మా ఆవిడ స్టాఫ్ నర్సు. 2021లో బాబు పుట్టాక ఆవిడకు మూడు షిఫ్టులు పడుతుంటే, ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. ఆవిడ జీతం ఎక్కువ, ఉద్యోగం కూడా నిలకడైనది. అందుకని నేను మానేశాను. ఇప్పుడు పాప రెండో తరగతి, బాబు ఎల్‌కేజీ. పాపకు రెండు జడలు వేయడం, నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకుంటే ఇంట్లో చప్పుడు కాకుండా చూడటం, పప్పుచారు, వేపుళ్ళు అన్నీ నేనే. చుట్టాలు ఎన్ని మాటలన్నా ఈ ఐదేళ్ళు నాకు ఇష్టంగానే గడిచాయి.

ఇప్పుడు మా పాత ఓనర్ గారు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూడమని కబురు పెట్టారు. ఏప్రిల్ 1 నుంచి, పొద్దున పదింటికి వెళ్తే రాత్రి ఏడున్నర అవుతుంది. నాకు వెళ్ళాలనే ఉంది.

బెంగంతా ఇంటి గురించే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు మా కింది వాటాలో నీళ్ళు కిటికీ అంచు దాకా నిలిచాయి. అప్పుడు బురద కడిగి, సున్నం వేయించుకుని ఉండిపోయాం. ఇప్పుడు గోడల అడుగున తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులు రాలుతున్నాయి. వంటింటి ప్లైవుడ్ కప్‌బోర్డులు ఉబ్బి తలుపులు పడటం లేదు. స్విచ్ బోర్డులు ఇంకా నడుము ఎత్తులోనే ఉన్నాయి. కొంత సామాను తెచ్చి పెట్టుకున్నాను, మేస్త్రీతో మాట్లాడాను కూడా. మనిషి ఇంట్లో లేకపోతే ఈ పనులు ఎలా జరుగుతాయో మీకు తెలుసు.

ఓనర్ గారిని జూన్ దాకా ఆగమని అడగాలా? లేక చేరిపోయి, ఆదివారాలు పని పెట్టుకోవాలా? ఏప్రిల్ చివర్లో బడి సెలవులు మొదలైతే పిల్లల సంగతి ఏమిటి? ఇలా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

భవానీపురం కాంట్రాక్టరు

తమ్ముడూ, జూన్ దాకా ఆగొద్దు. నీ గోడలకు ఇప్పుడు కావలసింది మనిషి కాదు, ఎండ.

నీళ్ళు తాగిన ఇటుక లోపల తడి ఇంకా ఉంటుంది. ఆ తడి బయటికొచ్చేటప్పుడు ఉప్పును మోసుకొస్తుంది. దానిమీద పుట్టీ, ప్రైమర్ ఎంత మంచివి కొట్టినా మళ్ళీ వానాకాలానికి ఊడిపోతాయి. కాబట్టి చేరేలోపు ఒక్క పని చేయించు. నీళ్ళ మరక ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి ఇంకో అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ కొట్టించేసి ఇటుక బయటపెట్టు. దుమ్మంతా ఆ పనికే. తర్వాత అలా వదిలేయ్. చూడటానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు, అడగనీ. రోహిణి కార్తె దాకా కిటికీలు తెరిచి ఉంచితే చాలు.

ఆరిందో లేదో తెలియాలంటే, గోడకు ఒక పాలిథిన్ కవరు ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు ఉంచు. లోపల చెమట పడితే ఇంకా ఆరలేదని. చెమట లేనప్పుడే కొత్త ప్లాస్టరింగ్. దాన్ని వారం రోజులు తడపాలి, అక్కడ మాత్రం ఇంట్లో ఎవరైనా ఉండాలి. రంగు దసరాకి వేసుకో, తొందరేం లేదు.

ఆగకూడనిది కరెంటు. పిల్లలున్న ఇల్లు, తడి గోడ, నడుమెత్తు బోర్డులు. రేపే ఎలక్ట్రీషియన్ని పిలువు. బోర్డులన్నీ ఐదడుగుల పైకి, మెయిన్ బోర్డు వీలైతే పై వాటాలోకి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించు, ఎర్తింగ్ సరిగ్గా ఉందో పరీక్ష చేయించు. కింది వాటాలో మళ్ళీ ప్లైవుడ్ జోలికి పోకు. కడప బండలతో అరలు కట్టించు, నీళ్ళొచ్చినా కడుక్కుంటే సరిపోతుంది.

బ్రాడీపేట టీచరమ్మ

అన్నయ్య గారూ, మాది గుంటూరు. ఇద్దరు పిల్లలు పుట్టాక నేనూ కొన్నేళ్ళు మానేసి మళ్ళీ బడిలో చేరాను. గోడల సంగతి ఆయన చెప్పారు. నేను పిల్లల సంగతి చెప్తాను.

ఆఫీసులో ఒకరు బదిలీ అయితే చార్జి ఒప్పగిస్తారు కదా, ఇంట్లో కూడా అలాగే ఒప్పగించండి. బడి వ్యాను డ్రైవరు నంబరు, టీకాల కార్డు ఎక్కడుందో, గ్యాస్ ఏ నంబరు మీద బుక్ అవుతుందో, బాబు ఏ కూర తినడో, పాపకు లెక్కల్లో ఎక్కడ తడబాటో. ఇవన్నీ మీ బుర్రలో ఉన్నాయి. వదిన గారికి కొన్నే తెలుసు, అది ఆవిడ తప్పు కాదు. ఒక నోటుబుక్కులో రాయండి. మార్చి నెలంతా మీరు ఇంట్లో ఉండగానే ఆవిడ సెలవు రోజుల్లో ఆవిడతోనే చేయించండి, మీరు పక్కన కూర్చోండి. మధ్యలో చెయ్యి పెట్టకండి. నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

వేసవి సెలవులకు అమ్మమ్మ గారో నాయనమ్మ గారో ఉంటే ఇప్పుడే అడగండి. ఏప్రిల్‌లో అడిగితే వాళ్ళ ప్రయాణాలు వాళ్ళకుంటాయి. ఇంకొకటి, రెజ్యూమెలో ఖాళీ వదలకండి. '2021–2026: పిల్లల సంరక్షణ' అని నేరుగా రాయండి. అది పనే. నేను ఇంటర్వ్యూలో అలాగే చెప్పాను, ఎవరూ నవ్వలేదు.

గవర్నర్‌పేట లెక్కలు

నేను జీఎస్టీ ప్రాక్టీసు చేస్తాను. ఐదేళ్ళలో మారింది ఎక్కువే, కానీ పాత చెయ్యి కాబట్టి త్వరగానే పట్టేస్తారు. మీ షాపుకు సంబంధించినంతవరకు చెప్తాను.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టుల మీద 28 శాతం జీఎస్టీ పోయి 18 అయింది. పాత బిల్లులకు వచ్చే రిటర్న్ సరుకు, క్రెడిట్ నోట్లు చూసేటప్పుడు బిల్లు తేదీ చూడటం అలవాటు చేసుకోండి. టర్నోవరు 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి, ఇది 2023 ఆగస్టు నుంచి. చిన్న తయారీదారుల దగ్గర కొన్న సరుకుకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, గడువు దాటి ఏడాది చివరికి కూడా కట్టకపోతే ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేం. ఓనర్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, సెక్షన్ల నంబర్లన్నీ మారతాయి. పాతవి కంఠస్థం చేసిన మాకూ అది కొత్తే, కాబట్టి మీరొక్కరే వెనకబడ్డానని అనుకోకండి. ట్యాలీ ప్రైమ్ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) ఒక వారం ఇంట్లో తిరగేయండి.

పీఎఫ్‌కు పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) నంబరే ఇవ్వండి, కొత్తది తీసుకోవద్దు.

మేస్త్రీని ఎప్పుడు పిలవాలన్నది మన అకౌంట్స్ గడువు తేదీలను బట్టే. 7న టీడీఎస్ (ముందే పట్టుకున్న పన్ను) కట్టడం, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 15న పీఎఫ్, 20న 3బి (జీఎస్టీ కట్టే రిటర్న్). 21 నుంచి నెలాఖరు దాకా కాస్త ఊపిరి ఆడుతుంది. సెలవు అడిగినా, ఇంట్లో పని పెట్టుకున్నా ఆ రోజుల్లోనే. ఈ మాట చేరకముందే ఓనర్ గారితో అనుకోండి. ఏప్రిల్‌లో మాత్రం ఏ పనీ పెట్టుకోకండి, పాత సంవత్సరం లెక్కలు మూసే నెల.

సింగ్‌నగర్ నాన్న

అందరికీ చాలా థాంక్స్. రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. ఏప్రిల్ 1నే చేరుతున్నాను. ఎలక్ట్రీషియన్ బుధవారం వస్తానన్నాడు. పెచ్చులు కొట్టడం మార్చిలో అయిపోతుంది. జూన్ 21 తర్వాత ప్లాస్టరింగ్ పెడితే తడపడానికి మా అత్తయ్య గారు వచ్చి ఉంటానన్నారు, వేసవి సెలవులకు పిల్లలు ఆవిడ దగ్గరికే తెనాలి వెళ్తారు. టీచరమ్మ గారూ, నోటుబుక్కు మొదలుపెట్టాం. అందులో మా ఆవిడ కూడా తన డ్యూటీల పేజీ ఒకటి రాస్తానంది.

కాంట్రాక్టరు అన్నా, వంటింట్లో సింకు కింద గోడ మాత్రం మిగతావాటికన్నా ఎక్కువ తడిగా ఉంది. అక్కడ కూడా అదే పద్ధతేనా?

భవానీపురం కాంట్రాక్టరు

అది బుడమేరు నీళ్ళు కాకపోవచ్చు తమ్ముడూ. ముందు సింకు పైపు లీకవుతోందేమో ప్లంబరుకు చూపించు. లీకు ఆగాకే అక్కడ పెచ్చులు కొట్టించు.