సాఁజారియేర్ పాఁసే: ‘వెనుక’ ఉన్నదేమిటి?

మా తాతగారు ఫ్రెంచివారి ఏలుబడిలో యానాం బడిలో చదువుకున్నారు. ఎన్నడూ గడప తొక్కని చుట్టం తీయగా పలకరిస్తూ వస్తే, కాఫీ గ్లాసు చేతికిస్తూనే “సాజారియేర్ పాన్సేయేనా?” అని నవ్వేవారు. సగమే గుర్తున్న ఈ ఫ్రెంచి మాటకు ‘దురుద్దేశం లేకుండా’ అన్న అర్థం సరిపోతుందా?

— అర్థం కన్నా ముందు ఉచ్చారణ తేల్చుకోవాలి. అది ‘పాన్సే’ కాదు, ‘పాఁసే’. మనం రాయడం మానేసిన అరసున్నకు ఇంతకన్నా తగిన కొలువు దొరకదు. ‘సాఁ’ అంటే ‘లేకుండా’. మామూలుగా పలకని దాని చివరి సకారం, అచ్చు పరమైనప్పుడు జకారంగా పైకి తేలుతుంది కనుక తాతగారి నోట ‘సాఁజారియేర్’ అయింది. ‘ఆరియేర్’ అంటే వెనుక, ‘పాఁసే’ అంటే ఆలోచన. డీఏ అరియర్స్ కోసం ఎదురుచూసే ఉద్యోగులకు ఈ ‘వెనుక’ పాత పరిచయమే, రెండింటి మూలమూ ఒకటే.

— ‘దురుద్దేశం’ అనడం అన్యాయం. ఆ ఆలోచన చెడ్డదే కానక్కరలేదు, పైకి చెప్పకుండా దాచుకున్నదైతే చాలు. నా మటుకు మన ‘వెనుకాడటం’ దీనికి సొంత చెల్లెలు.

— చెల్లెలు కాదు మాస్టారూ, పేరు కలిసిన పొరుగింటామె. వెనుకాడేవాడు ఎదుటివారికి తెలిసిపోతాడు, లోపల ఒకటి పెట్టుకున్నవాడు చొరవగా ముందుకే వస్తాడు. ‘ఆంతర్యం’ దగ్గరి మాట. పైకి సంధి, లోపల యుద్ధం పెట్టుకుని నడిచిన కృష్ణ రాయబారమే దీనికి ఉదాహరణ.

— తిక్కనగారి జోలికి వచ్చారు కనుక ఊరుకోలేను. ద్రౌపది తన కురులు పట్టి చూపి నిలదీసినప్పుడు, కౌరవ స్త్రీలు ఏడ్చే రోజు వస్తుందని కృష్ణుడు రాయబారానికి కదలకముందే ఆమెను ఓదార్చాడు. పాండవులు వింటుండగా అన్న మాటలో దాపరికమేముంది?

— పాండవులు విన్నారు సరే, హస్తినలో సభ తీర్చినవారు విన్నారా? దాపరికం ఎవరి ఎదుట అన్నదే అసలు ప్రశ్న.

— ప్రశ్న వేసినవాడిని. ఒక సంగతి చెప్పడం మరిచాను: ఆ చుట్టం లేచి చెప్పులు తొడుక్కుంటూ ఎడ్లబండి రెండు రోజులకు కావాలనేవాడు. తాతగారు “ఊఁ” అనేవారు.

— ఆ ‘ఊఁ’లో ఉన్నది అరసున్నే, చూశారా!