జెఫ్ బక్లీ పూర్తి చెయ్యని పాటలు వినొచ్చా?

బెంజిసర్కిల్ అమ్మాయి

అందరికీ నమస్తే. నేను ఇంగ్లీషు రాక్ పాటలు వింటూ పెరిగినదాన్ని కాదు. పోయిన నెల విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్తుంటే మా తమ్ముడు ఒక రీల్ పంపాడు. అందులో ఒక నిమిషం పాట. కోదాడ దాటేసరికి ఆ పాట పేరు వెతికి పట్టుకున్నాను: ‘లవర్, యూ షుడ్ హావ్ కమ్ ఓవర్’. చౌటుప్పల్ వచ్చేదాకా అదొక్కటే మళ్ళీ మళ్ళీ విన్నాను. పక్క సీటు ఆవిడ “ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?” అని అడిగింది. కళ్ళు తుడుచుకుంటూ ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఆ పాట ఉన్న ‘గ్రేస్’ ఆల్బమ్ ఇరవై రోజులుగా వింటున్నాను. పది పాటలు. ఇంకా ఏం పాడాడో చూద్దామని వెతికితే తెలిసింది, ఆ పాట పాడిన అమెరికా గాయకుడు జెఫ్ బక్లీ 1997 మే 29న నీళ్ళలో మునిగి చనిపోయాడని, అప్పటికి ముప్పై ఏళ్ళని, స్టూడియోలో పూర్తి చేసిన ఆల్బమ్ ఆ ఒక్కటేనని. నేను పుట్టింది 2000లో. నేను పుట్టకముందే పోయిన మనిషి కోసం రెండు రోజులు అన్నం సయించలేదంటే ఇంట్లో వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇక్కడ చెప్తున్నాను.

నా ప్రశ్న ఇది. ఆయన పోయాక 1998లో ‘స్కెచెస్ ఫర్ మై స్వీట్‌హార్ట్ ది డ్రంక్’ అని ఇంకో ఆల్బమ్ వచ్చింది. అందులోవి ఆయన పూర్తి చెయ్యని పాటలు. నాలుగుసార్లు ఓపెన్ చేసి, ప్లే నొక్కకుండానే మూసేశాను. కారణం ఉంది. మా పెదనాన్న కథలు రాసేవారు. ఎవరైనా గదిలోకి వస్తే నోట్‌బుక్ మీద న్యూస్ పేపర్ కప్పేసేవారు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. మూడు నోట్‌బుక్కులు మిగిలాయి, సగం కథలకు ముగింపు లేదు. అచ్చు వేయిద్దామని మా అన్నయ్య, వద్దని పెద్దమ్మ. నేను పెద్దమ్మ పక్షం. అక్కడ వద్దని ఇక్కడ వినడం ఎలా? విన్నవాళ్ళు మీకు ఏమనిపించిందో చెప్పండి. వినొచ్చంటే ఏ వరసలో వినాలో కూడా చెప్పండి.

---

పాత క్యాసెట్లు

మీ పోస్టు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకు ఇప్పుడు యాభై నాలుగు. 1997 చివర్లో వైటూకే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీల చిక్కు సరిచేసే) పని మీద న్యూజెర్సీ వెళ్ళాను. ఆఫీసులో పక్క సీటు కుర్రాడు ఒక సీడీ ఇచ్చి “వారం ఉంచుకో” అన్నాడు. అది ‘గ్రేస్’. నేను విన్నప్పటికే ఆయన పోయి ఆరు నెలలు. అంటే నేనూ మీలాగే, ఆయన పోయాక వచ్చినవాణ్ణే. నాకు తెలిసిన అభిమానుల్లో ఎక్కువ మంది అంతే. 1994 ఆగస్టులో ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు అమెరికా ఆల్బమ్ అమ్మకాల జాబితాలో 149వ స్థానం దాటి పైకి వెళ్ళలేదు. ఫ్రాన్సు, ఆస్ట్రేలియా వాళ్ళే ముందు గుర్తించారు. బతికుండగా ఆయన ఎక్కువగా పాడింది చిన్న చిన్న గదుల్లోనే. అందుకే మీరు రీల్‌లో చూసి వచ్చానని మొహమాటపడక్కర్లేదు. 2008లో అమెరికాలో ఒక టీవీ పాటల పోటీ కుర్రాడు, ‘గ్రేస్’లో బక్లీ పాడిన ‘హల్లెలూయా’ పాడితే జనం వెతుక్కుంటూ బక్లీ దగ్గరికి వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లోనూ పోటీలో గెలిచిన అమ్మాయి పాడిన ‘హల్లెలూయా’ మొదటి స్థానంలో, పదకొండేళ్ళ కిందట పోయిన మనిషి పాడింది రెండో స్థానంలో నిలిచాయి. అది ఆయన రాసిన పాట కూడా కాదు, లియొనార్డ్ కోహెన్ 1984లో చేసింది. మీ తరానికి దారి రీల్ అయింది, అంతే.

ఇక మీ అసలు ప్రశ్న. ‘స్కెచెస్’లో రెండు సీడీలు. రెండూ ఒకటి కావు, ఈ తేడా తెలుసుకుని వినండి. మొదటిది బ్యాండుతో స్టూడియోలో రికార్డు చేసింది. నిర్మాత టామ్ వెర్లేన్. అవి బక్లీకి తృప్తినివ్వలేదు, మళ్ళీ మొదటి నుంచి చేద్దామనుకున్నాడు. రెండో సీడీలో ఎక్కువ భాగం అమెరికాలోని మెంఫిస్ ఊళ్ళో అద్దె ఇంట్లో ఒక్కడే కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద చేసుకున్నవి. ముందు గిటార్ వాయించి, దాని మీద పాడి, దాని మీద ఇంకోటి చేర్చి... మనం చిత్తుకాగితం మీద లెక్క వేసుకుంటామే, అలాంటివి.

ఆయన పోయాక వెర్లేన్‌తో చేసినవి ఉన్నవున్నట్టు ఆల్బమ్‌గా వేసెయ్యకుండా తల్లి మేరీ గిబర్ట్ అడ్డం పడింది. ఆల్బమ్‌కి బక్లీ అనుకున్న పేరు ‘మై స్వీట్‌హార్ట్ ది డ్రంక్’ మాత్రమే. దాని ముందు ‘స్కెచెస్ ఫర్’ చేర్చారు. అంటే ఇది ఆల్బమ్ కాదు, దానికోసం గీసుకున్న గీతలు అని అట్ట మీదే చెప్పేశారు. నాకు అది చాలా నిజాయితీగా అనిపించింది. దాచి పెట్టలేదు, పూర్తయిందని అబద్ధమూ చెప్పలేదు.

కానీ నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే పాట ఒకటుంది: ‘ఫర్గెట్ హర్’. అది ‘గ్రేస్’ కోసం పూర్తిగా రికార్డు చేసిన పాట. బక్లీయే వద్దని తీసేసి దాని చోట ‘సో రియల్’ పెట్టాడు. పదేళ్ళ తర్వాత, 2004లో ‘గ్రేస్’ ప్రత్యేక ఎడిషన్‌తో పాటు దాన్ని బయటికి తెచ్చారు. పాట బాగుంటుంది. ఎంత బాగుంటుందంటే, ఎందుకు తీసేశాడా అని వినే ప్రతిసారీ అనుకుంటాను. అయినా అది ఆయన తీసుకున్న నిర్ణయం. పూర్తి చెయ్యలేకపోయిన పాట వేరు, చేసి వద్దనుకున్న పాట వేరు. మొదటిదాన్ని నేను హాయిగా వింటాను. రెండోది విన్నప్పుడల్లా ఒకరి గదిలోకి అడగకుండా వెళ్ళినట్టు ఉంటుంది. మీ పెదనాన్నగారి నోట్‌బుక్కుల్లో కూడా ఈ రెండు రకాలూ ఉండొచ్చు. కొట్టేసిన పేజీలు ఉంటే చూడండి.

వరస అడిగారు. ముందు ‘లైవ్ ఎట్ షినే’ వినండి, 2003లో వచ్చిన రెండు సీడీల ఎడిషన్. న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో ఒక చిన్న కాఫీ హోటల్లో ఒక్క ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడినవి. కప్పులు, సాసర్ల చప్పుడు కూడా వినిపిస్తుంది. తర్వాత మళ్ళీ ‘గ్రేస్’. ఆ తర్వాతే ‘స్కెచెస్’ మొదటి సీడీ. రెండోది మాత్రం ఇయర్‌ఫోన్స్‌తో, రాత్రి, ఒంటరిగా.

---

తెనాలి పక్కన

సంగీతం తెలిసినవాణ్ణి కాదు, ఒక్క మాట చెప్పి వెళ్తాను. మా నాన్న పద్య నాటకాలకు హార్మోనిస్టు. నలభై ఏళ్ళు ఊరూరా తిరిగారు. పోయినేడు మా అమ్మాయి ఫోన్‌లో మీరు చెప్పిన ‘లవర్’ పాట పెట్టింది. మంచం మీద పడుకున్న నాన్న లేచి కూర్చుని “ఎవరే అది, పెట్టె వాయిస్తున్నది?” అన్నారు. ఆ పాట మొదలయ్యేది హార్మోనియంతోనే. పాట సంగతి పక్కన పెట్టి ఆ మొదటి అరనిమిషం నాలుగుసార్లు పెట్టించుకున్నారు. “తిత్తి నెమ్మదిగా వదులుతున్నాడు, తొందర లేదు” అన్నారు.

ఆ ఆల్బమ్ ఆఖరి పాట ‘డ్రీమ్ బ్రదర్’లో తబలా కూడా ఉంది, విన్నారా? కడుపుతో ఉన్న అమ్మాయిని వదిలి వెళ్ళిపోవద్దని స్నేహితుడికి చెప్తున్న పాట అది. బక్లీ వాళ్ళ నాన్న టిమ్ బక్లీ కూడా గాయకుడే, ఈయన పుట్టకముందే వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళప్పుడు కొద్ది రోజులు కలిసి ఉన్నారట. ఆ తర్వాత రెండు నెలలకే ఆ తండ్రి పోయాడు, 28 ఏళ్ళకి. తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. నాకుంది, కానీ నేను నేర్చుకోలేదు. పోయిన వేసవి నుంచి నాన్న దగ్గర రోజూ అరగంట కూర్చుంటున్నాను.

---

ఒక్క ఆల్బమ్ చాలు

నేను ‘స్కెచెస్’ వినలేదు, వినను. పైన పెద్దాయన చెప్పింది గౌరవంతోనే చదివాను. కానీ ఆయనే రాశారు కదా, వెర్లేన్‌తో చేసినవి బక్లీకి నచ్చలేదని, మళ్ళీ చేద్దామనుకున్నాడని. నచ్చలేదన్న తర్వాత ఇంకేం కావాలి? అట్ట మీద ‘స్కెచెస్’ అని రాసినంత మాత్రాన ఆయన ఒప్పుకున్నట్టు కాదు. తల్లి ప్రేమతోనే చేసింది, ఆ మాట కాదనను. నేను బొమ్మలు వేస్తాను. సగం వేసిన కాన్వాస్ నేను లేనప్పుడు మా స్నేహితుడు ఒకాయన నలుగురికీ చూపించాడు. అందరూ బాగుందన్నారు. ఆ బొమ్మ మళ్ళీ ముట్టుకోలేకపోయాను. మీ పెద్దమ్మగారిదే సరైన మాట అని నా నమ్మకం.

---

మెంఫిస్ నుంచి

తొమ్మిదేళ్ళుగా మెంఫిస్‌లో ఉంటున్నాం. ఇక్కడ మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, చాలామందికి ఈ సంగతి తెలియదు. బక్లీ మునిగింది వూల్ఫ్ రివర్ హార్బర్‌లో, డౌన్‌టౌన్ పక్కనే. చూడటానికి మన కాలువలా నెమ్మదిగా, గోధుమరంగులో ఉంటుంది. ఎదురుగా మడ్ ఐలాండ్, అవతల మిసిసిపీ. ఆ సాయంత్రం బూట్లు, బట్టలతోనే నీళ్ళలోకి దిగాడు, లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బ్యాండు పాట పాడుకుంటూ. ఒడ్డున స్నేహితుడు ఉన్నాడు. ఓడల్ని లాగే టగ్ బోటు ఒకటి వెళ్ళింది, దాని అలలు వచ్చాయి, ఆయన కనపడలేదు. జూన్ 4న శరీరం దొరికింది. మత్తుమందులు ఏమీ లేవని, ప్రమాదమేనని పరీక్షలో తేలింది. చచ్చిపోవాలనే దిగాడని రాసేవాళ్ళని చూస్తే నాకు బాధ కలుగుతుంది, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను. అదే రోజు రాత్రికి ఆయన బ్యాండు న్యూయార్క్ నుంచి ఇక్కడ దిగుతోంది, కొత్త రికార్డింగ్ కోసం. పని మొదలుపెట్టబోతున్న మనిషి ఆయన.

ఇంకో సంగతి. షినే రికార్డింగ్‌లో బక్లీ, పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ గురించి చెప్తూ “ఆయనే నా ఎల్విస్” అంటాడు, అంటే రాక్ పాటల రారాజు ఎల్విస్ ప్రెస్లీ అంతటివాడని. జనం నవ్వుతారు. ఆయన ఆగడు, ‘యే జో హల్కా హల్కా సురూర్ హై’ ఖవ్వాలీ అందుకుంటాడు. మాది నాంపల్లి, దర్గా దగ్గర ఖవ్వాలీలు వింటూ పెరిగాను. ఉర్దూ పలుకులో అక్కడక్కడా తేడా ఉంది. కానీ పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆపాలో అంతా నుస్రత్ దగ్గర నేర్చుకున్నదే. నవ్వినవాళ్ళు పాట సగానికి వచ్చేసరికి నిశ్శబ్దం అయిపోతారు. అదే 1997లో ఆగస్టు 16న నుస్రత్ పోయారు, బక్లీ పోయిన రెండున్నర నెలలకి. ఎల్విస్ పోయింది కూడా ఆగస్టు 16నే, 1977లో, ఇదే ఊళ్ళో. ఏటా ఆ రోజుల్లో ఇక్కడ కొవ్వొత్తులు పట్టుకుని వేలమంది ఎల్విస్ ఇల్లు గ్రేస్‌లాండ్‌కి నడుస్తారు. నేను కూడా వెళ్తాను. నా ఇయర్‌ఫోన్స్‌లో మాత్రం ఆ ఖవ్వాలీ ఉంటుంది.

మీ ప్రశ్నకి జవాబు: వినండి. ‘స్కెచెస్’ మొదటి సీడీలో ‘యూ అండ్ ఐ’ పాట నుంచి మొదలుపెట్టండి. వాయిద్యం దాదాపు లేదు, గొంతు ఒక్కటే.

---

బెంజిసర్కిల్ అమ్మాయి

ఇన్ని మాటలు చెప్తారని అనుకోలేదు. అందరికీ చేతులెత్తి దండం. తెనాలి అన్నయ్యగారూ, నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. మీ మాట చదివాక ఆ మొదటి అరనిమిషం మళ్ళీ విన్నాను. ఇన్నాళ్ళూ దాన్ని కీబోర్డు అనుకున్నాను.

బొమ్మలు వేసే వారికి: మీ మాట నన్ను రెండు రోజులు ఆపింది. మీరు చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను.

కానీ నిన్న రాత్రి విన్నాను. మెంఫిస్ వారు చెప్పిన ‘యూ అండ్ ఐ’, ఆ తర్వాత రెండో సీడీలో ‘జువెల్ బాక్స్’. ‘గ్రేస్’లో ప్రతిదీ ఉండాల్సిన చోట ఉంటుంది, గొంతు ఎంత పైకి వెళ్ళినా కింద నేల ఉందని తెలుస్తుంది. ఇందులో ఆ నేల లేదు. పాట ఎటు వెళ్ళాలో ఆయనకే ఇంకా తెలియదు, వెతుక్కుంటున్నాడు. నేను భయపడినట్టు చాటుగా తొంగి చూస్తున్నట్టు అనిపించలేదు. పనిచేస్తున్న మనిషి పక్కన మాట్లాడకుండా కూర్చున్నట్టు ఉంది. ‘ఫర్గెట్ హర్’ మాత్రం వినలేదు. వినను కూడా, క్యాసెట్లు అంకుల్ చెప్పిన తేడా నాకు అర్థమైంది.

పొద్దున పెద్దమ్మకి ఫోన్ చేశాను. అచ్చు వేయించే మాట ఎత్తలేదు. నోట్‌బుక్కులు ఒకసారి చూడనివ్వమని మాత్రమే అడిగాను, తన ఎదురుగానే కూర్చుని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “రెండో దాంట్లో చివరి పేజీలు చింపేసుకున్నారు ఆయనే, అది నాకూ తెలుసు. మొదటిదీ మూడోదీ చూద్దువుగాని, ఆదివారం రా” అంది.