ముప్పై ఏళ్ళ యాంప్లిఫయర్: కెపాసిటర్లన్నీ మార్చాలా, ముట్టుకోకూడదా?

మౌనశ్రోత:
మా బావగారు అమెరికా నుంచి తిరిగి వస్తూ తెచ్చి, తరువాత నాకిచ్చిన ఒక ఖరీదైన ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ విజయవాడలో మా ఇంట్లో పన్నెండేళ్ళుగా రోజుకు సుమారు మూడు గంటలు పాడుతోంది. ఛానెల్‌కు 100 వాట్లు, బరువు 22 కిలోలు, తయారై దాదాపు ముప్పై ఏళ్ళు. 120 వోల్టులది కనుక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. ఈ మధ్య ఆన్ చేసిన మొదటి పది నిమిషాలు ఎడమ ఛానెల్ నీరసంగా, కాస్త బొంగురుగా వినిపించి, వాల్యూమ్ ఒకసారి గట్టిగా పెంచితే సర్దుకుంటోంది. మెకానిక్ చూసి, కండెన్సర్లన్నీ, అంటే విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లన్నీ, మార్చితే ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా ఉండదనీ, శబ్దం కూడా కొత్తదానికంటే మెరుగవుతుందనీ చెప్పి 38 వేలు అడిగారు. ఆయన చెప్పిన రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పదిఓమ్ములు:
మార్చించండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల తడి ఉంటుంది, అది ఆరుతుంది, ఇందులో వాదనకు తావు లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సగమవుతుందన్నది అందరూ వాడే లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 55 డిగ్రీల దగ్గర 16,000 గంటలు వస్తుంది, అంటే రోజుకు మూడు గంటల చొప్పున పద్నాలుగేళ్ళ పైచిలుకు. అదే 65 డిగ్రీలైతే ఏడేళ్ళు. విజయవాడ మే నెలలో గదే 40 డిగ్రీలు దాటుతుంటే పెట్టె లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించండి. మీది ఆ లెక్కను ఎప్పుడో దాటింది. పాడయ్యాక మార్చడమంటే, కెపాసిటర్ పోతూ పోతూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను, అదృష్టం బాగోకపోతే స్పీకర్లను కూడా వెంట తీసుకుపోయే దాకా ఆగడమే.

సిరీస్‌బల్బు:
పదిఓమ్ములు గారి లెక్క తప్పు కాదు గాని, అది దేనికి లెక్క అన్నది వారు చెప్పలేదు. ఆ గంటలు పూర్తయిన నాడు కెపాసిటర్ చచ్చిపోదు. దాని విలువ కొంత తగ్గడం, లోపలి నిరోధం కొంత పెరగడం వంటి, తయారీదారు ముందే రాసిపెట్టుకున్న ఒక హద్దును దాటుతుంది, అంతే. పైగా ఆ రేటింగు గరిష్ఠ ఉష్ణోగ్రత వద్ద, గరిష్ఠ రిపుల్ కరెంటుతో (కెపాసిటర్‌లోకి వచ్చిపోతూ దాన్ని వేడెక్కించే కరెంటు) ఇచ్చేది. ఇంట్లో మామూలు వాల్యూమ్‌లో వినే మనిషి సరఫరా కరెంటును నునుపు చేసే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లను ఆ స్థాయిలో ఎన్నడూ శ్రమ పెట్టడు. ఇరవయ్యేళ్ళుగా ఈ పెట్టెలు విప్పుతున్నవాడిగా నేను చూసినదేమిటంటే, చేతి మందాన ఉండే పెద్దవి చాలావరకు క్షేమంగా ఉంటాయి, వేడెక్కే రెసిస్టర్ పక్కన నలిగిపోయే చిటికెనవేలంత చిన్నవే ముందు ఎండిపోతాయి. వయసును చూసి కాదు, వేడి ఎక్కడుందో చూసి కొలవాలి.

అన్నీ మార్చడంలో ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. పాత బోర్డు మీద అరవై కాళ్ళు పీకి మళ్ళీ అతికితే ఎక్కడో ఒకచోట రాగి ట్రాక్ లేచిపోతుంది. ధ్రువాలు తిరగబెట్టినవాళ్ళనూ చూశాను. ఇక కోఠి గుజరాతీ గల్లీలో గాని చెన్నై రిచీ స్ట్రీట్‌లో గాని పేరున్న కంపెనీ ముద్రతో దొరికే ప్రతిదీ అసలైనదని నమ్మలేం. ముప్పై ఏళ్ళ నాటి మంచి సరుకు తీసి, నిన్న ముద్ర వేసిన నకిలీని పెట్టడం ఆయుష్షు పెంచడమా?

మౌనశ్రోత గారి లక్షణం చదివితే నాకు కెపాసిటర్ కంటే స్పీకర్ రిలే, అంటే ధ్వనిని స్పీకర్లకు కలిపే స్విచ్చు, మీదే అనుమానం. దాని కాంటాక్టులు నల్లబడితే తక్కువ వాల్యూమ్‌లో సిగ్నల్ సరిగా దాటదు, కరెంటు పెరిగితే ఆ పొర తెగి ధ్వని సర్దుకుంటుంది.

స్వరపేటిక:
మన్నిక సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, ధ్వని సంగతి నేను చెబుతాను. నా యాంప్లిఫయర్‌లో కెపాసిటర్లన్నీ మార్పించాక మృదంగంలో తొప్పి వైపు దెబ్బ గట్టిపడింది, వీణ మీటు తరువాతి నాదం విడిగా వినిపించసాగింది. మీటరుకు దొరకలేదు కనుక తేడా లేదనడం చెవులున్నవారికి న్యాయం కాదు.

సిరీస్‌బల్బు:
స్వరపేటిక గారూ, మీ అనుభవాన్ని కొట్టిపారేయను. సిగ్నల్ దారిలో ఉండే కప్లింగ్ కెపాసిటర్ ఎండిపోతే మంద్రధ్వనులు నిజంగానే పలచబడతాయి, దాన్ని మార్చితే తొప్పి తిరిగి వస్తుంది. అయితే అది పాడైనదాన్ని బాగుచేయడం, బాగున్నదాన్ని మెరుగుపరచడం కాదు. రెండవది, రిపేరుకు ఇచ్చి తెచ్చుకోవడానికి మీకు ఎన్ని వారాలు పట్టింది? అన్నాళ్ళ కిందటి ధ్వని అంత కచ్చితంగా గుర్తుండదు. రెండింటినీ పోల్చాలంటే వాల్యూమ్ 0.1 డెసిబెల్ లోపల సమం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వెంటవెంటనే మార్చి వినాలి. కొంచెం గట్టిగా మోగేదే మనకు ఎప్పుడూ స్పష్టంగా తోస్తుంది.

1985లో యాంప్లిఫయర్ల రూపకర్త బాబ్ కార్వర్ అమెరికా ఆడియో పత్రిక స్టీరియోఫైల్‌కు సవాలు విసిరి, తన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను వారు ఎంచిన ఖరీదైన వాల్వు యాంప్లిఫయర్‌లా మోగేలా కొద్ది రోజుల్లో సరిదిద్దారు. ఆ పత్రిక వారే తేడా పట్టలేకపోయామని ఒప్పుకున్నారు. వేల డాలర్ల ధ్వని కొన్ని చిన్న భాగాల సర్దుబాటుకు లొంగింది.

స్వరపేటిక:
ఆ కథ నాకే సాక్ష్యం చెబుతోంది, గమనించారా? అన్ని యాంప్లిఫయర్లూ ఒకేలా మోగేవైతే ఆయన సరిదిద్దవలసిన అవసరమేముంది?

సిరీస్‌బల్బు:
అక్కడ మీరు చెప్పిందే సరి, నా ఉదాహరణ నా మీదికే వచ్చింది. వాల్వు యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్సు (ధ్వని సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఎక్కువ కనుక స్పీకర్ ఇంపీడెన్సు మారిన చోటల్లా ధ్వని స్థాయి కొద్దిగా ఎత్తుపల్లాలవుతుంది, ఆ తేడా కొలతకూ అందుతుంది, చెవికీ అందుతుంది. నేను కాదనేది ఒక్కటే: విలువ సరిగ్గా ఉన్న ఫిల్టర్ కెపాసిటర్‌ను తీసి అదే విలువ గలదాన్ని పెడితే వీణ నాదం మారుతుందన్న మాట.

రాగితీగ:
అందరూ ఒక విషయం వదిలేశారు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120 చేస్తుంది గాని మన 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్‌కు మాత్రమే చుట్టినదైతే దాని ఇనుపదిమ్మెలో ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, ఇరవై శాతం పెరుగుతుంది, అది గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, ఆ వేడి పక్కనున్న కెపాసిటర్ల మీద పడుతుంది. వెనక పలక మీద 50/60 అని ఉందా? ఇంకొకటి, పెట్టెను గాజు తలుపుల అలమరలో ఉంచారా?

మౌనశ్రోత:
పలక మీద 50/60 అనే ఉంది. అలమర మాటకు మాత్రం తల వంచుకుంటున్నాను, పన్నెండేళ్ళుగా గాజు తలుపుల వెనకే ఉంది.

మీ మాటలు పట్టుకొని వేరే మెకానిక్ దగ్గర కూర్చొని కొలిపించాను. 10,000 మైక్రోఫారడ్‌ల పెద్ద కెపాసిటర్లు నాలుగూ 9,200 నుంచి 9,600 మధ్య చూపాయి, లోపలి నిరోధం కూడా సవ్యంగానే ఉందన్నారు. కాని రెగ్యులేటర్ రెసిస్టర్‌కు ఆనుకొని ఉన్న 47 మైక్రోఫారడ్‌ల చిన్నవి రెండింటిలో ఒకటి 11 చూపింది, రెండవది పైన ఉబ్బి ఉంది. రిలే మూత తీస్తే ఎడమవైపు కాంటాక్టు బొగ్గులా ఉంది. ఆ రెండు కెపాసిటర్లు, రిలే మార్చి, కరెంటు హద్దు మీరకుండా వరుసలో కలిపే సిరీస్ బల్బు మీద నెమ్మదిగా ఆన్ చేసి, బయాస్ (ట్రాన్సిస్టర్లలో ఖాళీగా ఉన్నప్పుడు పారే కరెంటు) సరిచూసి 2,400 తీసుకున్నారు. ఎడమ ఛానెల్ ఇప్పుడు మొదటి నిమిషం నుంచే కుడిదానితో సమానంగా పాడుతోంది.

పదిఓమ్ములు:
మంచిదే, కాని నాలుగు పెద్దవీ ముప్పై ఏళ్ళవే అన్న సంగతి మారలేదు. బోర్డు విప్పినప్పుడే మార్చి ఉంటే మళ్ళీ విప్పే పని తప్పేది.

మౌనశ్రోత:
మీ మాట మరువను. యాంప్లిఫయర్‌ను అలమరలోంచి తీసి బల్ల మీద పెట్టాను, పై మూత ఇప్పుడు చేయి ఆనించగలిగేంత చల్లగా ఉంటోంది. వచ్చే వేసవి దాటాక ఆ నాలుగింటినీ మళ్ళీ కొలిపించి, అంకెలు ఇక్కడే రాస్తాను.